నాకేమీ పోలేదు, మరి ఇందులో మోసమేమిటి?

ప్రశ్న: నమస్కారమండీ. చదువు పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. నెల కిందట ఒక విదేశీ సంస్థ తరఫున అంటూ ఒకావిడ వాట్సాప్‌లో సందేశం పంపారు. ఇంటి నుంచే పని. వాళ్ల సరుకు కొన్నవాళ్లు కట్టే డబ్బు నా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందులో అయిదు శాతం నేను ఉంచుకుని, మిగతాది వాళ్లు చెప్పిన ఖాతాలకు పంపాలి. ఇక్కడ సంస్థ పేరిట ఖాతా తెరవడానికి సమయం పడుతుందని, అందాకా ఇలా సర్దుకుంటున్నామని చెప్పారు. నియామక పత్రం కూడా పంపారు. రెండుసార్లు డబ్బు వచ్చింది, పంపాను, నా శాతం నాకు మిగిలింది. నా ద్వారా ఒక స్నేహితుడు కూడా చేరాడు, అందుకు కొంత అదనంగా ఇచ్చారు. మొన్న మూడోసారి వచ్చిన మొత్తం మాత్రం చాలా పెద్దది. బ్యాంకువాళ్లు అడిగితే బంధువులు పంపారని చెప్పమన్నారు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఆ డబ్బు ఇంకా నా ఖాతాలోనే ఉంది, ఆవిడ గంటగంటకూ ఫోన్ చేస్తున్నారు. నేను ఎవరినీ మోసం చేయలేదు. నా డబ్బూ పోలేదు. మరి ఇందులో మోసం ఉందంటారా? ఇదొక్కటీ పంపేసి పని మానేస్తే సరిపోతుందా?
పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి వ్యవధి లేదు. పంపకండి. వాళ్లు చెప్పిన ఖాతాకే కాదు, ఎవరి పేరు మీద నుంచి వచ్చిందో ఆ ఖాతాకు కూడా మీ అంతట మీరు తిప్పి పంపకండి. నగదుగా తీయవద్దు, ఇంకో ఖాతాలోకి మార్చి 'భద్రంగా' ఉంచే ప్రయత్నమూ వద్దు. చదవడం ఇక్కడే ఆపి మీ బ్యాంకుకు ఫోన్ చేసి, మిగతాది తరువాత చదువుకున్నా నేనేమీ అనుకోను. నంబరు మాత్రం మీ కార్డు వెనుక ముద్రించినదో, బ్యాంకు సొంత యాప్‌లో ఉన్నదో అయి ఉండాలి. ఇంటర్నెట్‌లో వెతికితే అన్నిటికన్నా పైన కనిపించే నంబరును నమ్మకండి. దొంగ సహాయ కేంద్రాల నంబర్లు అక్కడికి కూడా ఎక్కుతున్నాయి.

ఇక అసలు ప్రశ్న. 'నా డబ్బు పోలేదు' అన్న మాట మీ ఉత్తరంలో చాలా ధీమాగా ఉంది. మోసమంటే మన జేబుకు చిల్లు పడటమేనని మనకు అలవాటైపోయింది. డబ్బు కట్టమన్నారా, ఓటీపీ అడిగారా, లేదు కదా, అయితే పర్వాలేదు అనుకుంటాం. ఈ మోసం ఆ లెక్కను తలకిందులు చేస్తుంది. ఇందులో చేరినవారికి మొదట లాభమే కనిపిస్తుంది. పోయేది మరొకరి డబ్బు. మీకు తెలియని ఆ మరొకరు ఈపాటికి పోలీసు స్టేషనులో ఫిర్యాదు రాస్తూ ఉండవచ్చు. ఆ కాగితంలో మోసగాడి పేరు ఉండదు, అది వారికి తెలియదు కనుక. డబ్బు ఏ ఖాతాలో పడిందో అది మాత్రం ఉంటుంది.

మోసగాళ్లకు మీ ఖాతాతో పనేమిటో చూద్దాం. ఎవరినో బెదిరించో, నకిలీ పెట్టుబడి పథకం చూపించో డబ్బు రాబట్టడం వాళ్లకు సగం పనే. బ్యాంకు బదిలీ ప్రతిదీ జాడ వదులుతుంది కాబట్టి సొంత పేరున్న ఖాతాలోకి ఆ సొమ్ము రప్పించుకోలేరు. అందుకని మచ్చలేని పేరు, మామూలు లావాదేవీలు ఉన్న ఖాతా కావాలి. డబ్బు ముందు అందులో పడుతుంది. కొద్ది నిమిషాల్లో ముక్కలై నాలుగైదు ఖాతాలకు వెళుతుంది, అక్కడి నుంచి మరికొన్నిటికి. చివరికి ఎక్కడో నగదుగానో క్రిప్టో కరెన్సీగానో మారి కనబడకుండా పోతుంది. ఈ మధ్యలోని ఖాతాలనే పోలీసులు, బ్యాంకులు మ్యూల్ ఖాతాలు అంటున్నారు. గంటగంటకూ ఫోన్ ఎందుకు వస్తోందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. డబ్బు పోగొట్టుకున్న మనిషి తేరుకుని తన బ్యాంకుకు చెప్పేలోపు అది మీ ఖాతా దాటిపోవాలి. మీరు పంపకుండా ఆపిన ప్రతి గంటా ఆ మనిషికి కలిసొస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో మీరు చేసిన మంచిపని అదొక్కటే, కానీ చిన్నది కాదు.

సంస్థ చెప్పిన కథను ఒకసారి చల్లగా చూడండి. సరుకు అమ్మి డబ్బు వసూలు చేసుకోగల స్థితిలో ఉన్న వ్యాపారం, తన రాబడిని నెల కిందట ఫోనులో పరిచయమైన నిరుద్యోగి సొంత ఖాతాలో వేస్తుందా? విదేశీ సంస్థలకు డబ్బు వసూలు చేసిపెట్టే లైసెన్సున్న చెల్లింపు సంస్థలు ఉన్నాయి, అవి తీసుకునే రుసుము అయిదు శాతం కన్నా మామూలుగా చాలా తక్కువ. అలాంటప్పుడు ఏ అర్హతా అడగకుండా, ఫోనులో రెండు మీటలు నొక్కినందుకు మీకు అయిదు శాతం ఇస్తున్నారంటే, ఆ ధర శ్రమకు కాదు. మీ పేరుకు. నియామక పత్రం ఉందన్నారు. ఉండవచ్చు, ముద్ర కూడా ఉండవచ్చు. నిజంగా నడుస్తున్న సంస్థల పేరు, చిరునామా, చిహ్నం ఎత్తుకొచ్చి పత్రాలు తయారుచేయడం ఈ ముఠాలకు అలవాటే. కాబట్టి అలాంటి సంస్థ ఉందా అని వెతికితే 'ఉంది' అనే జవాబు వస్తుంది. ఆ సంస్థ సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, ఈ మనిషి మీ దగ్గర పనిచేస్తున్నారా అని అడగాలి. అది మాత్రం ఎవరూ చేయరు.

బ్యాంకు అడిగితే బంధువులు పంపారని చెప్పమన్నారే, మిగతా అనుమానాలన్నీ పక్కనపెట్టినా ఆ ఒక్కటి చాలు. నిజమైన పనికి అబద్ధపు సమాధానం ముందుగా సిద్ధం చేసిపెట్టుకోవలసిన అవసరం ఎవరికీ రాదు. మీ మనసు కూడా సరిగ్గా అక్కడే ఎదురుతిరిగింది, గమనించారా?

ఇదే ఎర వేరే వేషాల్లోనూ వస్తుంది. ఉద్యోగమనే మాటే లేకుండా, 'మీ ఖాతా కొన్నాళ్లు మాకు అద్దెకివ్వండి' అని నేరుగా అడిగేవారున్నారు. ఏటీఎం కార్డు, దానికి కలిపిన సిమ్, నెట్ బ్యాంకింగ్ సంకేతపదం అన్నీ తీసుకుని నెలకింత అని ఇస్తారు. పన్ను ఆదా కోసమనో, గేమింగ్ సంస్థ కోసమనో చెబుతారు. విదేశంలో చదువు ముగించుకుని స్వదేశానికి బయలుదేరే విద్యార్థుల దగ్గర, ఎలాగూ వదిలేసి వెళ్లే ఖాతాయే కదా అని కొనుక్కుంటారు. ఆ విద్యార్థి విమానమెక్కాక కూడా ఆ ఖాతా అతని పేరుతోనే బతికి ఉంటుంది. కొందరిని ఏకంగా ఒక కాగితపు సంస్థకు డైరెక్టరును చేసి, దాని పేరిట కరెంటు ఖాతా తెరిపిస్తారు. సంతకం ఎక్కడ పెట్టారో కూడా వారికి గుర్తుండదు.

ఒంటరిగా ఉన్న పెద్దవారి దగ్గరికి ప్రేమ రూపంలో వస్తుంది. నెలల తరబడి పలకరింపులు, ఆ తరువాత 'నా ఖాతా స్తంభించింది, నాకు రావలసిన సొమ్ము నీ ఖాతాలో వేయించుకుని పంపగలవా' అని. ఇక్కడ కమిషన్ ప్రస్తావనే ఉండదు. సాయం చేస్తున్నామనుకునే మనిషిని ఇది మ్యూల్ ఖాతా అని నమ్మించడం అన్నిటికన్నా కష్టం. బ్యాంకు సిబ్బంది ఎదురుగా కూర్చుని చెప్పినా వినరు.

ఇంకొకటి, ఎవరికైనా ఎదురుకావచ్చు. ఎవరో తెలియని వ్యక్తి నుంచి మీ ఖాతాలోకి డబ్బు వచ్చిపడుతుంది. వెంటనే ఫోన్, పొరపాటున పంపాం, దయచేసి ఈ నంబరుకు తిప్పి పంపండి అని. ఆ నంబరు డబ్బు వచ్చిన ఖాతాది కాదు, వేరొకరిది. మంచితనానికి పోయి పంపితే, తరువాత అసలు బాధితుడి బ్యాంకు తన సొమ్ము వెనక్కి కోరుతుంది. అప్పుడు చేతి డబ్బూ పోతుంది, అనుమానితుల జాబితాలో పేరూ చేరుతుంది. నిజంగా పొరపాటే అయినా సరే, వచ్చిన సొమ్మును బ్యాంకు ద్వారా మాత్రమే, వచ్చిన దారినే వెనక్కి పోనివ్వాలి. మిమ్మల్ని స్వయంగా తిప్పి పంపవద్దన్నదీ అందుకే. మీ ఖాతాలోకి పంపిన ఖాతా బాధితుడిదే అని నమ్మకమేముంది? అదీ మీలాంటి మరొకరిది కావచ్చు.

ఎవరు పట్టుబడతారన్న విషయానికి వద్దాం. ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్, అనేక దేశాల పోలీసులు, బ్యాంకులతో కలిసి 2016 నుంచి ఈ ఖాతాల మీద ప్రత్యేక దాడులు నడుపుతోంది. 2021లో నడిపిన విడతలో బయటపడిన మ్యూల్ ఖాతాల మనుషులు 18,351 మంది. వారిని చేర్చుకున్న దళారులు 324 మంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మీతో వాట్సాప్‌లో మాట్లాడే ఆవిడకు పేరు లేదు, ముఖం లేదు, ఆ నంబరు రేపు ఉండదు. మీ పేరు, చిరునామా మాత్రం బ్యాంకులో ఉన్నాయి. దర్యాప్తు చీకట్లో వెతకదు, వెలుగున్న చోటి నుంచే మొదలవుతుంది.

శిక్షల సంగతి దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. బ్రిటన్‌లో నేరపు సొమ్ము చేరవేతకు 2002 నాటి చట్టం కింద గరిష్ఠంగా 14 ఏళ్ల జైలు. భారత్‌లో మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద నేరం రుజువైతే సాధారణంగా మూడు నుంచి ఏడేళ్లు. తెలియదన్న మాట అన్నిచోట్లా ఒకేలా చెల్లదు కూడా. సింగపూర్ 2023లో చట్టం సవరించి, అనుమానించదగిన సూచనలున్నా నిర్లక్ష్యంగా డబ్బు చేరవేయడాన్ని సైతం నేరం చేసింది. జైలు దాకా రాకపోయినా బ్యాంకుల నుంచి వచ్చే చిక్కు తక్కువేమీ కాదు. ఖాతా స్తంభిస్తే అందులోని మీ కష్టార్జితమూ ఇరుక్కుంటుంది. బ్రిటన్‌లో మోసాల నివారణ సంస్థ సిఫాస్ దగ్గర పేరుకు మచ్చ పడితే ఆరేళ్లు ఉంటుంది. ఆ ఆరేళ్లూ కొత్త ఖాతా, అప్పు, కొన్నిసార్లు ఫోను కనెక్షన్ కూడా కష్టమే.

ఇదంతా భయపెట్టడానికి కాదు, మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో చూపించడానికి. అమెరికాలో ఎఫ్‌బీఐ ఈ మనుషులను మూడు రకాలుగా చూస్తుంది: ఏమీ తెలియక ఇరుక్కున్నవారు, సూచనలు కళ్లెదుట ఉన్నా చూడనట్టు నడిచినవారు, అన్నీ తెలిసి చేసినవారు. మొదటి రెండు బదిలీల వరకు మీరు మొదటి రకమని నేను నమ్ముతున్నాను. మూడోదానికి ఆ మాట వర్తించదు. మనసు మనసులో లేదని మీరే రాశారు. అంటే అనుమానం పుట్టింది. ఇప్పుడు ఆ డబ్బు కదిపితే, ఇదొక్కటీ పంపేసి మానేద్దాం అన్న ఆలోచనతో కదిపినా, మీరు రెండో రకంలోకి నడిచి వెళ్లినట్టే. 'ఇదొక్కటే' అన్నది మీ లెక్క. ఫిర్యాదుదారుకు పోయింది అదొక్కటే కావచ్చు.

బ్యాంకుతో మాట్లాడేటప్పుడు పూర్తిగా చెప్పండి. ఈ మొత్తం ఎవరిదో నాకు తెలియదు, మోసపు సొమ్మని అనుమానం, నేను ముట్టుకోలేదు అని. మొదటి రెండు బదిలీల తేదీలు, మొత్తాలు, ఏ ఖాతాలకు పంపారో కూడా చెప్పండి. ఆ రెండింటి వెనుకా మనుషులున్నారు, ఆ సొమ్ము కొంతైనా ఎక్కడో ఆగి ఉండవచ్చు. ఫోనులో చెప్పి ఊరుకోకుండా అదే విషయం రాతపూర్వకంగా పంపి, అందినట్టు రసీదో ఫిర్యాదు సంఖ్యో తీసుకోండి. బ్యాంకు మీ ఖాతాను ఆపేయవచ్చు. ఇబ్బందే. అయినా, మీరు చెప్పాక ఆగిన ఖాతాకూ, పోలీసులు చెప్పగా ఆగిన ఖాతాకూ చాలా తేడా ఉంది.

ఆ తరువాత పోలీసులు. మీరు ఎక్కడున్నారో రాయలేదు. భారత్‌లో ఉంటే 1930 నంబరుకు గానీ, జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు పోర్టల్‌కు గానీ చెప్పండి. అమెరికాలో అయితే ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 అనే ఫిర్యాదు కేంద్రం ఉంది. మరెక్కడైనా స్థానిక పోలీసుల సైబర్ విభాగం. మొత్తం పెద్దదన్నారు కనుక వివరమైన వాంగ్మూలం ఇచ్చేముందు ఒక న్యాయవాదితో మాట్లాడటం మంచిది. దానివల్ల దోషిలా కనిపిస్తారని జంకకండి. కానీ న్యాయవాది దొరికే దాకా బ్యాంకుకు చెప్పడం ఆపవద్దు. అది ఇవాళే జరగాలి. ముందుగా వెళ్లి చెబితే మీ మీద కేసు ఉండదని హామీ ఇవ్వలేను, ఎవరైనా ఇస్తే నమ్మకండి. మీ వైపు నుంచి చూపించుకోవడానికి ఒక మంచి సాక్ష్యం మాత్రం ఉంటుంది.

సాక్ష్యమంటే గుర్తొచ్చింది, ఆవిడతో జరిగిన సంభాషణ చెరిపేయాలని చేయి దురదపెడుతుంది, చెరపకండి. మిమ్మల్ని ఉద్యోగం పేరుతో నమ్మించారని చెప్పడానికి ఉన్న ఆధారం అదే. సందేశాలు, నంబర్లు, నియామక పత్రం, బదిలీల రసీదులు తేదీలు కనిపించేలా ఫొటోలు తీసి వేరే చోట దాచండి. టెలిగ్రామ్ లాంటి వాటిలో అవతలివారు తమ వైపు నుంచే మీ ఫోనులోనూ సంభాషణ మాయం చేయగలరు కాబట్టి ఇది బ్లాక్ చేయకముందే, ఈ పూటే జరగాలి. ఫిర్యాదు చేస్తున్నానని ఆవిడకు చెప్పాల్సిన పని లేదు. వాదించాల్సిన పనీ లేదు. ఒప్పందం ఉల్లంఘించావు, కేసు పెడతాం అని బెదిరిస్తారు. ఆ కేసు పెట్టడానికి వాళ్లు ఏ మొహంతో పోలీసు స్టేషను మెట్లెక్కుతారు? అయితే ఇంటికి మనుషులను పంపుతామన్నా, కుటుంబం పేరెత్తినా ఆ బెదిరింపును తేలిగ్గా తీసుకోకండి. అదీ ఫిర్యాదులో చేర్చండి.

ఉద్యోగంలో చేరేటప్పుడు మీ గుర్తింపు పత్రాలు, ఫొటో ఇచ్చే ఉంటారు. అవి ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్నాయి, వాటితో ఇంకో ఖాతా గానీ, సిమ్ గానీ, అప్పు గానీ పుట్టవచ్చు. క్రెడిట్ నివేదిక తెప్పించుకుని తెలియని ఖాతాలేమైనా ఉన్నాయేమో చూడండి. తెర పంచుకునే యాప్ ఏదైనా వేయించి ఉంటే తీసేసి, బ్యాంకు సంకేతపదాలు వేరే ఫోను నుంచి మార్చండి. ఇక మీకు మిగిలిన ఆ శాతాలు: ఖర్చు పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే ఎంతో లెక్క రాసిపెట్టుకోండి, తిరిగి ఇవ్వవలసి వస్తుంది. కొన్నాళ్లకు మీ కథ తెలిసినట్టు ఎవరో ఫోన్ చేసి, ఖాతా విడిపిస్తాం, పేరు తీయిస్తాం, ఇంత కట్టండి అంటారు. వాళ్లూ ఆ కోవలోవాళ్లే.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం ఒకటి మిగిలింది, నన్ను ఎక్కువగా కలవరపెట్టినది అదే. మీ స్నేహితుడు. అతన్ని చేర్చినందుకు మీకు అదనంగా ఇచ్చారని రాశారు. ఆ డబ్బు తీసుకోవడంతో మీరు ఖాతా ఇచ్చిన మనిషి మాత్రమే కాకుండా, మరొకరిని తెచ్చిన మనిషి కూడా అయ్యారు. చట్టం ఈ రెండింటినీ ఒకే కంటితో చూడదు. దళారులు ఇలా ఎందుకు చేయిస్తారంటే, అపరిచితుడి మాట కన్నా స్నేహితుడి మాట సులువుగా నమ్ముతాం, పైగా పట్టుబడినప్పుడు దర్యాప్తు ఆ స్నేహితుడి దగ్గరే ఆగుతుంది.

బ్యాంకుతో మాట్లాడిన వెంటనే అతనికి ఫోన్ చేయండి. అతని ఖాతాలో ఇప్పుడు ఏమైనా సొమ్ము ఉందా, ఎన్నిసార్లు పంపాడు, తన కింద ఇంకెవరినైనా చేర్చాడా, ఈ మూడూ అడగండి. మీకు చెప్పినదంతా అతనికీ వర్తిస్తుంది, ఈ పేజీ చూపించండి. అతను కోపగించుకోవచ్చు, ఇంకో నెల చూద్దామనవచ్చు, ఇంట్లో తెలిస్తే ఎలా అని వెనకాడవచ్చు. ఒకరోజు ఆగండి, అంతకు మించి వద్దు. అప్పటికీ కదలకపోతే మీ ఫిర్యాదులో అతని సంగతి కూడా రాస్తున్నానని ముందుగా అతనికే చెప్పి, రాయండి.